సముద్రమున కలిపిన ముసలము

భాగవతమున ఏకాదశ స్కంధములో ముసలము కథ కలదు. యాదవ బాలకులు మునులను పరిహసింపబోయి శాపము తెచ్చుకొనిరి. ఆ శాపఫలముగ పుట్టిన ఇనుప రోకలిని చూచి పెద్దలు భయపడిరి. దానిని అరగదీయించి, ఆ పొడిని, అరగక మిగిలిన చిన్న తునకను సముద్రములో పారవేయించిరి. అంతటితో పీడ విరగడైనదని తలచిరి. కాని సముద్రము తనలో పడిన దానిని దాచుకొనలేదు. పొడి అలలచే ఒడ్డునకు కొట్టుకొనివచ్చి తుంగయై మొలచెను. తునకను ఒక చేప మ్రింగెను. ఆ చేప జాలరి వలలో పడెను. దాని కడుపులోని ఇనుము ఒక వేటకాని బాణమునకు ములికి యయ్యెను. తుంగ యాదవకులమును రూపుమాపెను. బాణము శ్రీకృష్ణుని పాదమున నాటెను.

ఈ కథను చెప్పునపుడు విధి బలీయమని చెప్పి ముగించుట పరిపాటి. కాని ఇందులో వేరొక అర్థము కూడ కలదు. నశించినదనుకొన్న వస్తువు నశింపలేదు, రూపు మార్చుకొన్నది. గడ్డి ద్వారమునను, చేప ద్వారమునను మనుష్యుని వెదకికొనుచు తిరిగి వచ్చినది. 1954వ సంవత్సరమున పసిఫిక్ మహాసముద్రముపై జరిగిన ఒక సంఘటనను, దాని పర్యవసానమును పరిశీలించిన వారికి ఈ కథ కేవలము పురాణముగ తోచదు. అది యుద్ధము కాదు. ఆనాడు ఏ దేశమును మరియొక దేశముపై బాంబు వేయలేదు. అది ఒక పరీక్ష మాత్రమే. అయినను ఆ పరీక్ష బాలుర గొంతులలోని గ్రంథులను, జాలరుల రక్తమును, నేలను, నీటిని పట్టుకొన్నది. అణ్వస్త్రము హాని చేయుటకు యుద్ధమే అక్కరలేదని లోకమునకు మొదటిసారిగ స్పష్టముగ తెలియజేసినది ఈ సంఘటనయే.

దీవుల కథ

హవాయికిని ఆస్ట్రేలియాకును నడుమ మార్షల్ ద్వీపములు కలవు. ఇవి కొండలు, నదులు గల ద్వీపములు కావు. సముద్రముపై విసరివేసిన పూలదండలవలె వలయాకారముగ ఏర్పడిన పగడపు దిబ్బలు. దండకు లోపల నిమ్మళమైన నీరు, వెలుపల అగాధమైన సముద్రము. నేల సాధారణముగ అలలకు రెండు మూడు మీటర్ల కంటె ఎత్తు లేదు. కొబ్బరి, సీమపనస, మొగలి జాతి చెట్ల పండ్లు, చేపలు, ఇవియే అచటివారి ఆహారము. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప, 1947లో, ఐక్యరాజ్యసమితి ఈ ద్వీపములను ధర్మకర్తృత్వముపై అమెరికాకు అప్పగించెను. అచటి ప్రజల ఆరోగ్యమును, భూములను కాపాడవలె ననునది ఆ ఒడంబడికలోని నిబంధన.

అంతకు ఒక సంవత్సరము ముందే బికినీ దీవివాసులకు వలస తప్పలేదు. 1946 ఫిబ్రవరిలో ఒక ఆదివారమునాడు అమెరికా నౌకాదళాధికారి వచ్చి, మానవజాతి మేలుకొరకు ఆ దీవిని కొంతకాలము విడువవలసినదిగ వారిని కోరెను. 167 మంది తమ సామానులతో ఓడ నెక్కిరి. వారిని దింపిన రోంగెరిక్ దీవిలో తగినంత తిండి లేదు. 1948లో వారిని మరల తరలించి, చివరకు చుట్టును పగడపు వలయములేని కిలీ దీవిలో ఉంచిరి. కొంతకాలమని చెప్పి విడిపించిన ఊరు వారికి నేటికిని దక్కలేదు. 1946 నుండి 1958 వరకు మార్షల్ ద్వీపములలో అమెరికా 67 అణువిస్ఫోటనములు జరిపెను. వానిలో 23 బికినీలోనే జరిగినవి.

ఆ 67 లో మిక్కిలి పెద్దది 1954 మార్చి 1వ తేదీ ఉదయము 6 గంటల 45 నిమిషములకు బికినీలో ప్రేలిన ఉదజని బాంబు. దానికి 'బ్రావో' అని పేరు. అది సుమారు 6 మెగాటన్నుల శక్తిని వెలువరించునని నిర్మాతలు లెక్కగట్టిరి. ఒక మెగాటన్ను అనగా పది లక్షల టన్నుల ప్రేలుడు మందుతో సమానము. కాని వెలువడినది 15 మెగాటన్నులు. హిరోషిమాను దహించిన బాంబుకు ఇది ఇంచుమించు వేయి రెట్లు.

లెక్క ఎచట తప్పినది? బాంబులోని ఇంధనమున లిథియమను లోహము రెండు రూపములలో ఉండెను. అందులో 6 సంఖ్య గల రూపము మాత్రమే చర్యలో పాల్గొనుననియు, 7 సంఖ్య గలది నిష్క్రియముగ నుండుననియు శాస్త్రజ్ఞులు నమ్మిరి. కాని మహావేగముతో వచ్చు న్యూట్రానుల దెబ్బకు ఆ నిష్క్రియ రూపము కూడ బ్రద్దలై ట్రిటియమను ఇంధనమును పుట్టించెను. ఊరకుండునని తలచినది ఊరకుండలేదు. ఫలితముగ బికినీ పగడపు దిబ్బలో సుమారు 2 కిలోమీటర్ల వెడల్పున పెద్ద గొయ్యి పడెను. అచట నున్న పగడపు రాయి పొడియై, ఆవిరియై, పది నిమిషములలో 40 కిలోమీటర్ల ఎత్తునకు లేచెను. గాలులు తూర్పు వైపునకు మరలుచున్న సూచనలు ముందటి రాత్రియే కనబడినవి. అయినను పరీక్షను ఆపలేదు.

తెల్లని బూడిద

బికినీకి తూర్పున సుమారు 150 కిలోమీటర్ల దూరమున రోంగెలాప్ దీవి కలదు. ఆనాడు అచట 64 మంది ఉండిరి. వారి బంధువులే మరి 18 మంది సమీపమునగల వేరొక దీవిలో ఉండిరి. తెల్లవారుజామున వారికి పడమటి దిక్కున గొప్ప వెలుగు కనబడెను. తరువాత ఉరుమువంటి ధ్వని వినబడెను. కొన్ని గంటలకు ఆకాశమునుండి తెల్లని పొడి రాల నారంభించెను. మంచు కురియుట నెరుగని ఆ దేశమున అది వింతగ నుండెను. పిల్లలు దానితో ఆడుకొనిరి. అది ఇండ్ల కప్పులపైని, వంటపాత్రలలోను, త్రాగునీటి తొట్లలోను పడెను. దానిని తాకరాదని చెప్పినవారు లేరు.

మన ఇండ్లలో బూడిద పరమసాధువైన వస్తువు. దానితో గిన్నెలు తోముదుము, వంగమొక్కలపై పురుగు పట్టకుండ చల్లుదుము, నుదుట ధరింతుము. అగ్ని చేయవలసిన పని యంతయు ముగిసిన తరువాత మిగిలినదే బూడిద. రోంగెలాప్‌పై రాలిన బూడిద అట్టిది కాదు. దానిలో అగ్ని చల్లారలేదు. అందలి ప్రతి రేణువును కంటికి కనబడని కిరణములను వెలిగ్రక్కుచునే యుండెను.

సాయంకాలమునకే పలువురకు వాంతులు, కండ్లమంటలు, దురదలు ప్రారంభమైనవి. సమీపపు దీవిలో వాతావరణమును పరిశీలించుచున్న 28 మంది అమెరికనులను మరునాడే తరలించిరి. రోంగెలాప్ వాసులకొరకు ఓడ మూడవ తేదీన వచ్చెను. అప్పటికి బూడిద రాలి రెండు దినములైనది. మరికొంత తూర్పుననున్న ఉటిరిక్ దీవిలోని నూటయాభై మందికి పైగా ప్రజలను నాలుగవ తేదీన తీసికొనిపోయిరి. రెండు వారములు గడచునప్పటికి రోంగెలాప్ వారి మెడలపైని, పాదములపైని పుండ్లు లేచినవి; పిల్లల జుట్టు కుచ్చులు కుచ్చులుగ ఊడినది.

అదే ఉదయమున ఆ దీవులకు దూరముగ సముద్రముపై ఒక చిన్న చేపల ఓడ ఉండెను. అది జపాను దేశపుది. దాని పేరు 'దైగో ఫుకుర్యూ మారు'. భాగ్యనాగము అను పేరుగల ఓడలలో ఐదవదని అర్థము. అందులో 23 మంది జాలరులు ట్యూనా చేపలకొరకు గాలపు త్రాళ్లు వదలియుండిరి. అమెరికా ప్రకటించిన నిషిద్ధ ప్రాంతమునకు వారు వెలుపలనే ఉండిరి. సూర్యుడు పడమట ఉదయించినట్లు వారికి తోచెను. రెండు మూడు గంటలలో తెల్లని బూడిద ఓడపై పడసాగెను. త్రాళ్లు విడిచిపోలేక, ఆ బూడిదలోనే గంటల తరబడి వానిని లాగికొనుచుండిరి. మార్చి 14న స్వదేశమందలి యాయిజు రేవునకు చేరునప్పటికి వారి చర్మము నల్లబడి, వెంట్రుకలు రాలుచుండెను.

ఓడలోని రేడియో ఉద్యోగి కుబోయామా ఐకిచి 40 ఏండ్ల వయస్సున 1954 సెప్టెంబరు 23న మరణించెను. రక్తము ఎక్కించుటవలన కలిగిన కాలేయవ్యాధియే కారణమని అమెరికా అధికారులు వాదించిరి. రేడియేషను వ్యాధి యని జపాను వైద్యులు నిశ్చయించిరి. వాదములు ఎట్లున్నను, ఆరోగ్యవంతుడై సముద్రమునకు పోయినవాడు ఏడు నెలలు తిరుగకముందే కన్నుమూసెను. ఉదజని బాంబుకు తానే కడపటి బలి కావలెనని ఆయన కోరెను. 1955 జనవరిలో అమెరికా జపానుకు 20 లక్షల డాలర్లు చెల్లించెను. అది నష్టపరిహారము కాదనియు, సానుభూతితో ఇచ్చునదనియు, చట్టరీత్యా తాము బాధ్యులము కామనియు ఆ పత్రములలోనే వ్రాసికొనెను.

బూడిద చెప్పిన రహస్యము

జపాను ప్రజలు ఆ బూడిదకు మరణభస్మమని పేరు పెట్టిరి. ఓడపై మిగిలిన దానిని టోకియో విశ్వవిద్యాలయమునందలి రసాయన శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. అందులో యురేనియము 237 అను అరుదైన పదార్థము కనబడెను. అది సాధారణ యురేనియమును మహావేగముగల న్యూట్రానులు తాకినపుడు పుట్టునది. ఉదజని బాంబు పరిశుద్ధమైనదనియు, దానివలన రేడియోధార్మిక ధూళి స్వల్పమనియు అంతవరకు కొందరు తలచుచుండిరి. బాంబు చుట్టును సాధారణ యురేనియముతో కవచమొకటి కలదనియు, విస్ఫోటనశక్తిలో అధికభాగము ఆ కవచము బ్రద్దలగుటవలననే కలిగినదనియు ఈ భస్మము వెల్లడించెను. ప్రభుత్వములు దాచిన నిర్మాణ రహస్యమును ఒక చేపల ఓడపై రాలిన గుప్పెడు బూడిద బయటపెట్టెను.

ఈ వివరములను ఆధారముగ తీసికొని బాంబు స్వరూపమును గుర్తించినవారిలో జోసెఫ్ రాట్‌బ్లాట్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. ఆయన యుద్ధకాలమున అమెరికాలో అణుబాంబు నిర్మాణమున పాల్గొని, జర్మనీ యొద్ద అట్టి బాంబు లేదని తెలిసిన పిదప ఆ పనిని విడిచివచ్చినవాడు. 1955 జులై 9న బెర్ట్రండ్ రసెల్, ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ ప్రభృతులు వెలువరించిన ప్రకటనపై సంతకము చేసినవారిలో ఆయన యొకడు. 1995లో ఆయనకు నోబెల్ శాంతి బహుమానము లభించినది.

ఇంతలో మత్స్యములు కూడ సాక్ష్యము చెప్పసాగినవి. 1954లో పసిఫిక్ నుండి తిరిగివచ్చిన వందలకొలది జపాను ఓడలలోని ట్యూనా చేపలలో రేడియోధార్మికత కనబడెను. వానిని గోతులలో పాతిపెట్టిరి. చేపల అంగళ్లు మూతపడినవి. ఆ సంవత్సరము మే నెలలో జపానుపై కురిసిన వానలో సైతము ఆ ధూళి కానవచ్చెను. బియ్యము, చేప, వాననీరు, అనగా ఆ దేశపు గృహిణి వంటింటిలోని ప్రధాన వస్తువులన్నియు, అనుమానాస్పదములైనవి. టోకియో నగరమున సుగినామి అను పేటలోని గృహిణులు బాంబు పరీక్షలను నిషేధింపవలెనని కోరుచు ఇంటింటికి తిరిగి సంతకములు సేకరించిరి. 1955 ఆగస్టు నాటికి దేశమంతట ఆ సంతకములు మూడు కోట్లు దాటినవి.

గడ్డి, పాలు, ఎముక

బ్రావో మేఘపు ధూళి జపానుతో ఆగలేదు. దాని జాడలు ఆస్ట్రేలియాలోను, భారతదేశములోను కనబడినవి. బరువైన రేణువులు దగ్గరలోనే రాలును. తేలికైనవి వాతావరణపు పై పొరలకెక్కి, నెలలు, సంవత్సరములు అచటనే తిరిగి, క్రమముగ వానతో దిగివచ్చును. అట్లు దిగివచ్చినవి ప్రాణి శరీరములో ప్రవేశించుటకు ఒక మార్గము కలదు. శరీరము తనకు కావలసిన మూలకమును గుర్తించునే కాని, దానిని పోలిన కపటవేషధారిని గుర్తింపలేదు.

స్ట్రాన్షియము 90 రసాయన స్వభావమున సున్నమును, అనగా కాల్షియమును, పోలియుండును. అది గడ్డిపై పడును. గడ్డిని ఆవు మేయును. ఆవు పాలను పిల్లలు త్రాగుదురు. ఎముక పెరుగుచున్న పసివాని శరీరము దానిని సున్నమని భ్రమించి ఎముకలో చేర్చుకొనును. సీజియము 137 పొటాసియమును పోలి కండరములలో చేరును. అయొడీన్ 131 గొంతులోని థైరాయిడ్ గ్రంథిని చేరును. పిల్లలలో ఆ గ్రంథి చిన్నది గనుక అదే మోతాదు వారికి అనేక రెట్లు హాని చేయును. పాలు మనకు పవిత్రములు. పసిబిడ్డకు మొదటి ఆహారము. అట్టి పాలే విషమునకు వాహనమగుట ఇందలి దారుణము.

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరమునందలి వైద్యులు, శాస్త్రజ్ఞులు దీనిని నిరూపించుటకు 1958లో ఒక సులభోపాయమును కనుగొనిరి. మన పల్లెలలో ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరుట కలదు. ఆ నగరపు పిల్లలు తమ పాలపండ్లను శాస్త్రజ్ఞులకు పంపిరి. పండ్లు తల్లి గర్భముననే రూపు కట్టును గనుక, ఆనాడు తల్లి భుజించిన ఆహారము, బిడ్డ త్రాగిన పాలు ఎట్టివో ఆ పంటిలో వ్రాసియుండును. పన్ను నిచ్చిన ప్రతి పిల్లకును, నా పన్నును శాస్త్రమునకు ఇచ్చితినని తెలుపు చిన్న బిళ్ల నొకదానిని బహూకరించిరి. డాక్టర్ లూయీజ్ రీస్ అను వైద్యురాలు మొదట ఈ కార్యక్రమమును నడపెను. మూడు లక్షలకు పైగా పండ్లు చేరినవి. 1963లో పుట్టిన పిల్లల పండ్లలో స్ట్రాన్షియము 90, 1950లో పుట్టినవారి పండ్లలోని దానికంటె సుమారు 50 రెట్లుండెను. ఆ పిల్లలు పుట్టినది యుద్ధభూమిలో కాదు. తమ ప్రభుత్వము తమ రక్షణకొరకే బాంబులను పరీక్షించుచున్నదని నమ్మిన దేశములో.

రోంగెలాప్ పిల్లలకు ఇంతటి సూక్ష్మపరీక్ష అక్కరలేకపోయెను. 1957లో ప్రభుత్వము భయము లేదని చెప్పి వారిని స్వస్థలమునకు తిరిగి చేర్చెను. ఆ నేలపై పండిన ఆహారమును తినగ తినగ వారి శరీరములలో రేడియోధార్మిక పదార్థములు పెరుగుచు వచ్చెను. అమెరికా వైద్యులు ఏటేట వచ్చి పరీక్షలు చేసి, లెక్కలు వ్రాసికొనిపోవుచుండిరి. తమకు చికిత్స చేయుటకంటె తమను పరిశీలించుటయందే వారికి శ్రద్ధ అధికమని దీవివాసులు వాపోయిరి. 1963 నుండి పిల్లల గొంతులలో గడ్డలు కనబడసాగినవి. బూడిద రాలిన నాటికి పదేండ్లలోపు వయస్సు గలవారిలో అధికసంఖ్యాకులకు ఆ వ్యాధి సోకినది. ఇద్దరు బాలురకు గ్రంథి క్షీణించి ఎదుగుదల నిలిచిపోయెను. ఆనాడు ఏడాది పసివాడైన యొకడు 1972లో, తన పందొమ్మిదవ యేట, లుకేమియా అను రక్త కేన్సరుతో మరణించెను. తుదకు 1985లో రోంగెలాప్ ప్రజలు తమ యిండ్లను తామే విప్పుకొని, పిల్లాపాపలతో 'రెయిన్‌బో వారియర్' అను ఓడనెక్కి మరియొక దీవికి వలసపోయిరి. ప్రభుత్వము పంపిన ఓడ కాదది. పర్యావరణ రక్షణకొరకు పాటుపడు సంస్థ పంపినది.

మన దేశపు పాత్ర

ఈ కథలో భారతదేశమునకు పాత్ర లేకపోలేదు. బ్రావో ప్రేలిన నెలదినములకు, 1954 ఏప్రిల్ 2న, ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ లోక్‌సభలో మాటాడుచు, సంపూర్ణ నిషేధము కుదురువరకైనను పరీక్షలను నిలిపియుంచుటకు దేశములు ఒడంబడవలెనని కోరెను. అదే నెలలో మార్షల్ ద్వీపముల పెద్దలు ఐక్యరాజ్యసమితికి అర్జీ పెట్టుకొనిరి. నేల తమకు పంటచేను మాత్రము కాదనియు, అది తమ ప్రాణమనియు వారు విన్నవించిరి. ఆ అర్జీకి ఫలము లేకపోయెను. 1956లోను, 1958లోను పరీక్షలు మరల జరిగినవి. ఈ ధూళివలని హానిని అంచనా వేయుటకు సమితి 1955లో ఒక శాస్త్రీయ సంఘమును నియమించెను. అందలి తొలి 15 సభ్యదేశములలో భారతదేశ మొకటి.

1956లో భారత ప్రభుత్వము అణువిస్ఫోటనములను గూర్చియు, వాని ఫలితములను గూర్చియు ఒక గ్రంథమును ప్రకటించెను. దానిని కూర్చినవాడు డాక్టర్ డి. ఎస్. కొఠారి. తరువాతి కాలమున విద్యా కమీషను అధ్యక్షుడుగ మన ఉపాధ్యాయలోకమునకు చిరపరిచితుడైన కొఠారియే ఈయన. ఆ గ్రంథమునకు నెహ్రూ పీఠిక వ్రాసెను. అణుబాంబులు లేని దేశము, ఏ పక్షమునకును చెందని దేశము, ఆ అస్త్రముల హానిని శాస్త్రీయముగ లెక్కగట్టి సామాన్య పాఠకునకు అందించుట ఆ కాలమున విశేషమే.

అమెరికాలో లైనస్ పౌలింగ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తొమ్మిదివేలకు పైగా శాస్త్రవేత్తల సంతకములతో విజ్ఞప్తిని సిద్ధపరచి 1958లో సమితికి అందజేసెను. ఇట్టి యత్నముల ఫలితముగ 1963 ఆగస్టు 5న మాస్కోలో, ఆకాశమునను, అంతరిక్షమునను, నీటిలోను అణుపరీక్షలను నిషేధించు ఒడంబడిక కుదిరినది. సంతకము చేసిన తొలి దేశములలో భారతదేశ మొకటి. ఒడంబడిక ఫలించినది. ఆ తరువాత పుట్టిన పిల్లల పండ్లలో స్ట్రాన్షియము తగ్గుచు వచ్చెను. ఆకాశమున జరిగిన కడపటి పరీక్ష 1980లో చైనా జరిపినది.

కాని సత్యమును సగము చెప్పుట ఉపాధ్యాయ ధర్మము కాదు. పరీక్షలు ఆకాశమునుండి భూగర్భమునకు దిగినవే కాని ఆగలేదు. ఒకనాడు నిలుపుమని లోకమును కోరిన మన దేశము కూడ 1974లోను, 1998లోను రాజస్థానములోని పోఖ్రాన్ వద్ద భూగర్భమున అణువిస్ఫోటనములు జరిపినది. పొరుగు దేశముల బలమును జూచి ఆత్మరక్షణకొరకు అట్లు చేయక తప్పలేదని చెప్పువారు కలరు. ఆ వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు. అయినను ప్రతి అణ్వస్త్ర దేశమును ఆ మాటయే చెప్పుచున్నది. 2014లో మార్షల్ ద్వీపముల చిన్న ప్రభుత్వము అణ్వస్త్రములుగల తొమ్మిది దేశములపై అంతర్జాతీయ న్యాయస్థానమున వ్యాజ్యములు వేసెను. ఆ తొమ్మిదింటిలో భారతదేశమును ఉన్నది. విచారించు అధికారము తనకు లేదని 2016లో న్యాయస్థానము ఆ వ్యాజ్యములను త్రోసిపుచ్చెను. వాది ఓడిపోయెను. కాని ప్రశ్న మాత్రము నిలిచియే యున్నది.

తరుగని లెక్క

బికినీ నేడు చూచువారికి సుందరముగనే యుండును. కొబ్బరిచెట్లు కాయలతో నిండియున్నవి. నీటిలో చేపలు విరివిగ నున్నవి. 2010లో యునెస్కో ఆ దీవిని ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించినది. చెట్టును చూచి విషమును గుర్తింపజాలము. 1970 ప్రాంతమున కొన్ని కుటుంబములు అచటికి తిరిగిపోయినవి. పగడపు నేలలో పొటాసియము బహుస్వల్పము. ఆకలిగొన్న కొబ్బరివేరు దానిని పోలిన సీజియమును పీల్చి కాయలో నింపెను. ఆ కాయలు తిన్నవారి శరీరములలో సీజియము పెరిగినదని తెలిసి 1978లో వారినందరను మరల ఖాళీ చేయించిరి. మన రైతులు వాడు పొటాష్ ఎరువును విస్తారముగ చల్లినచో చెట్టు సీజియమును తక్కువగ పీల్చునని తరువాత శాస్త్రజ్ఞులు కనుగొనిరి. విరుగుడు కొంత దొరికినది. ఊరు మాత్రము మరల నిలువలేదు.

ఎనెవెటాక్ అను మరియొక దీవిలో 1977 నుండి 1980 వరకు విషపు మట్టిని సేకరించి, ఒక విస్ఫోటనపు గోతిలోనే పోసి, దానిపై 115 మీటర్ల వెడల్పున కాంక్రీటు మూత వేసిరి. గోతికి అడుగున ఏ ఆచ్ఛాదనమును లేదు. నేల నీరు అందులోనికి వచ్చిపోవుచుండును. అరగదీసి సముద్రమున కలిపినచో పీడ విరగడయగునని నమ్మిన యాదవ పెద్దల ఉపాయమునకును, ఈ మూతకును భేదము స్వల్పము.

విద్యార్థులచే నల్లబల్లపై కట్టింపదగిన లెక్క యొకటి కలదు. స్ట్రాన్షియము 90, సీజియము 137 సగము తరుగుటకు ఒక్కొక్కదానికి సుమారు 30 ఏండ్లు పట్టును. 1954లో రాలినది 1984కు సగమైనది. 2014కు నాలుగవ వంతైనది. 2044కు ఎనిమిదవ వంతగును. ఏ సంవత్సరమునను సున్న కాదు. సగము, సగములో సగము, దానిలో సగము అని తగ్గుచుండును. బ్రావో బూడిదలో పిల్లలు ఆడుకొని డెబ్బదేండ్లు దాటినవి. అయినను ఆ సీజియములో సుమారు ఐదవ వంతు మిగిలియే యున్నది.

ఆ కాంక్రీటు మూత క్రింద ప్లుటోనియము కూడ కలదు. దానికి తొలి సగము తరుగుటకే 24,000 ఏండ్లు కావలెను. నన్నయ భారతరచనకు పూనుకొని నేటికి ఇంచుమించు వేయేండ్లు. ఈ వేయేండ్లలోనే మన భాష ఎంత మారినది! నాటి శాసనములను చదువుటకు నేడు పండితులు కావలెను. ఇట్టి వేయేండ్లు ఇరువదినాలుగు గడచు వరకు ఆ మూతను తెరువరాదని రాబోవు తరములకు తెలియజేయవలెను. ఏ లిపిలో వ్రాసిన వారు చదువగలరు? ఏ భాషలో చెప్పిన వారికి తెలియును?